ఆక్సిజన్ సెన్సారు మీద తెల్లటి పూత

షెడ్డు మూసేసి కొన్నేళ్లయింది. ఇప్పటికీ ఎవరి కారైనా ఎక్కితే నా కళ్లు ముందు డాష్‌బోర్డు మీదికే పోతాయి. తాళం తిప్పగానే పసుప్పచ్చగా ఇంజను బొమ్మ ఒకసారి వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో జబ్బుంది. అసలు వెలగనే లేదనుకోండి, నాకు ఇంకా అనుమానం. అమ్మకానికి పెట్టిన బండ్లలో ఆ దీపం వెనక బల్బు పీకేసినవాళ్లను చాలామందిని చూశాను. మా ఇంటావిడ నవ్వుతుంది. "పక్కింటాయన పిలిచి కారెక్కించుకుంటే ఆయన బండి జాతకం మీకెందుకండీ" అంటుంది.

మాది విజయనగరంలో కిరాణా కొట్టు కుటుంబం. కందిపప్పు బస్తా వస్తే మా నాన్న పైపైన చూసి దించుకునేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి చూసేవాడు. కొట్టు నేను చేపట్టలేదు కానీ ఆ చెయ్యి దూర్చే గుణం మాత్రం నాతో వచ్చేసింది. ముందు లారీలకు, తర్వాత కార్లకు అది బాగానే పనికొచ్చింది.

ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. ఏ స్కానరు కొనాలి, ఏ కోర్సు చెయ్యాలి అని అడుగుతారు. అవి నాకు తెలియవు. నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. అందులో ఎక్కువ భాగం ఒకే ఒక్క కారు గురించి. అది ఖరీదైన కారూ కాదు, దానికొచ్చింది పెద్ద జబ్బూ కాదు. కానీ ఆ జబ్బు పేరు చెప్పి ఒక మనిషిని దొంగ అన్నారు, కాదని తేల్చే పని నా నెత్తిన పడింది.

సాలూరు మేస్త్రి

నేను పని నేర్చుకున్నది సాలూరులో. లారీ లేని వీధి ఉండేది కాదక్కడ. మా మేస్త్రి పేరు రాయను, ఆయన పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. పనిలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. లారీ వచ్చి ఆగితే ఏమైందని అడిగేవాడు కాదు. అలా అడిగితే డ్రైవరు తన ఊహ చెబుతాడు, మన బుర్ర దాని వెంట పడిపోతుంది అనేవాడు. ఆయన అడిగేది ఒక్కటే.

"ఆకరున ఈ బండిని ముట్టినోడెవులు? ఏటి సేసినాడు?"

నా అనుభవంలో కూడా బండ్లు తమంతట తాము పాడయ్యేది తక్కువ. ఎవరో ఏదో బాగుచేయబోతారు, ఇంకొకటి చెడుతుంది. అందుకని ఆ ప్రశ్న నేను అలాగే ఉంచుకున్నాను.

ఆయనకున్న రోగం నోరు. అనుమానం వస్తే మనసులో ఆగేది కాదు. ఒక యజమాని తన లారీ డీజిలు మరీ ఎక్కువ తాగుతోందని తీసుకొచ్చాడు. మేస్త్రి బానెట్టు ఎత్తకముందే, షెడ్డులో అందరూ వింటుండగా, "డీజిలు బండి తాగట్నేదు, నీ డ్రైవరు తాగుతన్నాడు" అన్నాడు. జనం నవ్వారు. తర్వాత నేనే లారీ కింద దూరి చూస్తే, ఇంజను దగ్గర మిగిలిన డీజిలు ట్యాంకులోకి తిరిగొచ్చే గొట్టం చాసీకి రాసుకుని చీలిపోయి ఉంది. బండి నడుస్తున్నంతసేపూ కారుతుంది, ఆగితే కారదు. మేస్త్రికి చూపించాను. "సరే, మార్చు" అన్నాడు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ డ్రైవరుకి ఆ తర్వాత సాలూరులో ఎవరూ లారీ ఇవ్వలేదు.

మేస్త్రి మీద నాకు గౌరవం పోలేదు, కానీ ఆయన్ని చూసి నా నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను. అనుమానం మెకానిక్కుకి ఉండి తీరాలి. తేలేదాకా అది మన కడుపులోనే ఉండాలి.

స్కానరు చెప్పేది ఎంత

కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక కొన్నాళ్లు ఒక పెద్ద వర్క్‌షాపులో చేశాను. అక్కడ మేనేజరు మర్యాదస్తుడు, టైముకి జీతమిచ్చేవాడు, పని మాత్రం తెలియదు. స్కానరు ఏ పేరు చెబితే ఆ పార్టు మార్చెయ్యమనేవాడు. కస్టమరు కూడా సంతోషించేవాడు, మిషను చెప్పింది కదా అని. నాకు ఆ మిషను మీద మొదటిరోజు నుంచీ గురి కుదరలేదు.

ఎందుకో చెప్తాను. ఆక్సిజన్ సెన్సారు వేలెడంత వస్తువు. ఇంజను నుంచి పొగ బయటికొచ్చే గొట్టానికి మరతో బిగించి ఉంటుంది. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటరుకి చెబుతుంది. ఆ మాట నమ్మి కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. సెన్సారు చెప్పేది తేడాగా ఉంటే మైలేజీ పడిపోతుంది, బండి గుంజుతుంది, పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. అప్పుడు స్కానరు తగిలిస్తే ఆక్సిజన్ సెన్సారు పేరు వస్తుంది.

ఆ పేరు రాగానే సెన్సారు మార్చేయడమంటే, ఇల్లు కాలుతోందని కేకేసినవాణ్ణి పట్టుకుని కొట్టడమే. పొగగొట్టం ఎక్కడో చిట్లి బయటి గాలి లోపలికి పోతుండొచ్చు. వైరు వేడికి కరిగి ఉండొచ్చు. ఇంజను ఆయిలు కాలుతుండొచ్చు. రేడియేటరు నీళ్లు లోపలికి దిగుతుండొచ్చు. పెట్రోలులో కల్తీ ఉండొచ్చు. ఇవన్నీ చూసి, ఏదీ కాదన్నాక, అప్పుడు సెన్సారు దగ్గరికి రావాలి. నిజంగా సెన్సారే పోయినా, ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది పెడితే అదీ పోతుంది.

ఇదంతా మేనేజరుకి చెప్పి చూశాను. "మీకు అన్నీ అనుమానాలేనండీ" అన్నాడు. నిజమే. తర్వాత బయటికొచ్చేసి, నెల్లిమర్ల రోడ్డులో సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నాను.

కామయ్య కారు

రెండు వేల పది దాటిన తర్వాతి మాట. ఎండాకాలంలో ఒక తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముందు సీట్లో పక్కన కూర్చున్నాయన దిగాడు. పేరు కామయ్య. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున ఒక పల్లె వాళ్లది. వేటకెళ్లిన బోట్లు ఒడ్డుకి రాగానే చేప కొని, ఐసు పెట్టెల్లో సర్ది టౌన్లకు పంపే వ్యాపారం. కారు తోలుకొచ్చిన కుర్రాడు దిగి, మాకు కొంచెం దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు.

కామయ్య నాకు దగ్గరగా వచ్చాడు గానీ గొంతు తగ్గించలేదు.

"మేస్త్రిగారూ, మీరు బండి బాగు సెయ్యక్కర్నేదు. ఇందులో కిరసనాయిలు పోసినారా నేదా, అదొక్కటి తేల్చి సెప్పండి సాలు."

"ఎవరు పోశారని?" అన్నాను.

గడ్డంతో చెట్టు వైపు చూపించాడు. "పెట్రోలు కొట్టించేవోడు ఆడే. గురువులు. మా అప్ప కొడుకు, నాకు మేనల్లుడు. సొంతోడు కదా అని తాళం సేతికిచ్చినాను. మంచి పెట్రోలు తీసి ఎవులికో అమ్ముకోడం, ఆ బదులు ఇంట్లో రేసను నీలం కిరసనాయిలు కలపడం. ఇదీ జరుగుతన్నాది."

గురువులుకి ప్రతి మాటా వినబడుతూనే ఉంది. అతను ఇటు చూడలేదు. కామయ్యకి కారు తోలడం రాదు. దొంగ అని ఎవర్ననుకుంటున్నాడో అతని చేతే తోలించుకుని, పక్కన కూర్చుని ఇంత దూరం వచ్చాడన్నమాట.

అసలు కథ ఏమిటంటే, కొన్ని నెలల కిందట ఇంజను దీపం వెలిగింది. అక్కడి టౌనులో ఒక షాపుకి తీసుకెళ్లారు. ఆ షాపాయన స్కానరు పెట్టి, ఆక్సిజన్ సెన్సారు పోయిందని కొత్తది వేశాడు. కొన్నాళ్లకి దీపం మళ్లీ వెలిగింది. మళ్లీ వెళితే షాపాయన, "కొత్త సెన్సారు కూడా పోయిందంటే పెట్రోలులో ఏదో కలుస్తోందండీ. పెట్రోలు మీరు కొట్టిస్తారా, డ్రైవరా?" అని అడిగాడు. అంతే. ఆయన ఇంకో పరీక్ష చెయ్యలేదు. ఆ ఒక్క ప్రశ్నతో కామయ్య ఇంటికొచ్చి, మేనల్లుడి చేతిలోంచి తాళం లాక్కున్నాడు. నాకిప్పటికీ ఆ షాపాయన మీద కోపమే. పనిరాకపోతే క్షమించొచ్చు. పని చెయ్యకుండా మనిషి మీద రాయి విసరడం ఏం పద్ధతి?

మాట పల్లెలో పాకిపోయింది. వచ్చే ఆదివారం గంగమ్మ గుడి దగ్గర ఊరి పెద్దలు కూర్చుంటున్నారు. వాళ్లలో తగువులు స్టేషనుకి పోవు, అక్కడే తేలుతాయి. దొంగ అని తేలితే ఆ పల్లెలో ఏ బోటూ ఎక్కించుకోదు, ఎవరూ వల ముట్టనివ్వరు, ఏ ఇంట్లోనూ శుభానికి పిలవరు. గురువులు తండ్రి వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పట్నుంచి తల్లి కొడుకుని సముద్రం మీదికి పంపలేదు. తోలడం తప్ప అతనికి వేరే పని రాదు, ఇక దొంగడ్రైవరుకి తాళం ఎవరిస్తారు?

నేను నా పాత ప్రశ్న అడిగాను. "ఈ బండిని ఆఖరున ముట్టిందెవరు?"

"ఆ షాపోడే. మరెవులూ ముట్టనేదు. నాను ఎవుల్నీ ముట్టనివ్వను. సర్వీసు సేయించినా దగ్గరుండి సూస్తాను" అన్నాడు కామయ్య.

చెట్టు కిందికి వెళ్లి గురువుల్ని అడిగాను, నువ్వేమంటావని.

"నాను సెప్తే నమ్ముతారేటండీ? బండినే అడగండి" అన్నాడు.

అంత నిబ్బరంగా మాట్లాడేవాళ్లంటే నాకు మరీ అనుమానం. నిజం చెప్పొద్దూ, ఆ పూట నా మనసు కామయ్య వైపే మొగ్గింది. పైకి మాత్రం, బండి ఇక్కడ ఉంచి వెళ్లండి అని మాత్రమే అన్నాను.

పెట్రోలు ఏం చెప్పింది

ముందు కల్తీ సంగతే చూశాను. ట్యాంకు అడుగునుంచి పెట్రోలు తీసి, వడపోత కాగితం మీద ఒక చుక్క వేశాను. మంచి పెట్రోలయితే ఆరిపోయి కాగితం శుభ్రంగా ఉంటుంది. కిరసనాయిలు కలిస్తే జిడ్డు మరక మిగులుతుంది. మరక లేదు. అడుగున తీసిందాన్ని గాజుగ్లాసులో పోసి వెలుతురుకి ఎత్తి చూశాను, నీలం ఛాయ కూడా లేదు.

కానీ అదేం సాక్ష్యం? నా దగ్గరికి వస్తున్నారని తెలిసి ముందురోజు మంచి పెట్రోలు కొట్టించి ఉండొచ్చు. కాబట్టి స్పార్కు ప్లగ్గులు విప్పాను. ట్యాంకులో పెట్రోలు మారొచ్చు, ప్లగ్గు మీద పేరుకున్న మసి అంత తొందరగా పోదు. కిరసనాయిలు తాగిన ఇంజను ప్లగ్గులు నల్లగా, తడి మసితో ఉంటాయి. ఇవి లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. కిరసనాయిలు నెలల తరబడి పోసి ఉంటే ఇలా ఉండనే ఉండవు.

అప్పుడు సెన్సారు దగ్గరికి వచ్చాను. మిషను తగిలించి ఇంజను స్టార్టు చేసి చూస్తే, గబగబా కిందికీ పైకీ ఊగాల్సిన వోల్టేజీ బద్ధకంగా కదులుతోంది. వైర్లు బాగున్నాయి. పొగగొట్టం ఎక్కడా చిట్లలేదు. సెన్సారు విప్పి బయటికి తీశాను. దాని మూతి మీద సున్నం వేసినట్టు తెల్లటి పూత. గోటితో గీస్తే గరుగ్గా ఉంది.

నల్లగా ఉంటే కిరసనాయిలు అనేవాణ్ణి. తెలుపుకి నాకు తెలిసి రెండే దారులు. రేడియేటరు నీళ్లు ఇంజనులోకి దిగి కాలడం ఒకటి, సందులు పూడ్చడానికి పూసే సిలికాన్ పేస్టు ఆవిరి లోపలికి పోయి కాలడం రెండోది. నీళ్లు నిండుగా ఉన్నాయి, తెల్లపొగ లేదు. మిగిలింది పేస్టు. కానీ షాపువాడు తప్ప బండిని ఎవరూ ముట్టలేదంటున్నాడే కామయ్య.

కామయ్యకి ఫోను చేసి, షాపువాడు మొదట తీసేసిన పాత సెన్సారు ఏమైందని అడిగాను.

"ఆడికెందుకిస్తాను? కొత్తదని పాతదే తుడిసి మరొకడికి ఏసీగలడు. బండిలోనే ఉన్నాది సూడండి, ముందు డబ్బాలో" అన్నాడు.

అనుమానపు మనిషి కాబట్టే అది దొరికింది. కాగితంలో చుట్టి దాచాడు. విప్పి చూశాను, దాని మూతి మీదా అదే తెల్లపూత. రెండుసార్లూ ఒకటే జబ్బు. షాపాయన మొదటిసారి ఒక్క నిమిషం దాని మొహం చూసుంటే ఇదంతా జరిగేది కాదు.

పోలమ్మ

నేను రెండు సెన్సార్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు ఒకావిడ వచ్చింది. ఎండలో బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, చెంగుతో మొహం తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే ఆగింది. మంచినీళ్లిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టింది.

"బాబూ, నాను కామయ్యకి అప్పని. పోలమ్మంతారు. ఆ గురువులు నా కొడుకు" అంది. "బండి సూసీసినారా?"

"ఇంకా చూస్తున్నానమ్మా."

"అయితే ఒక్క మాట. నా గుంటడు తప్పు సేసినాడని తేలితే, ముందు నాకు సెప్పండి. ఆదివారం గంగమ్మ కాడ నలుగురిలో నాను ఇనలేను. ఆడ్ని తీసుకుని ఏ పారాదీపుకో బేగి ఎల్లిపోతాను. అక్కడ మావోళ్లు ఉన్నారు. మా మొకాలు ఎవులికీ తెల్దు."

"వాడు చెయ్యలేదని మీరే గట్టిగా చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

ఆవిడ కారు వైపు చూసింది. "తల్లిని బాబూ. నానేటన్నా ఎవులు నమ్ముతారు?"

కిరసనాయిలు కాదని అప్పటికే నాకు దాదాపు తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ పేస్టు ఎక్కడిదో తేలలేదు. కాదని నేను సగం తేల్చి చెబితే, ఆదివారం ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు, నా దగ్గర జవాబుండదు, అది ఈవిడ కొడుక్కే చుట్టుకుంటుంది. "రేపు తెలుస్తుందమ్మా" అని పంపేశాను. ఆవిడ వెనక్కి తిరిగి నడుస్తుంటే నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఐసు పెట్టెల పేస్టు

ఆవిడ వెళ్లాక ఇంజనుని అంగుళం అంగుళం వెతికాను. ఇంజను నెత్తి మీద ట్యాపెట్ కవరు అని ఒక మూత ఉంటుంది. దాని అంచున, వెనక వైపు, చెయ్యి దూరితే తప్ప కనబడని చోట ఏదో మెత్తగా తగిలింది. టార్చి వేసి చూశాను. తెల్లటి పేస్టు, మందంగా, వేళ్లతో అద్దినట్టు. కవరు విప్పితే లోపలికి కూడా పొంగి వేలాడుతోంది. అంచున ఒక పొర మీద ఇంకో పొర. ఇంజన్లకు వాడే పేస్టు వేరు, అది సెన్సార్లకు హాని చెయ్యకుండా తయారుచేస్తారు. ఇది ఆ రకం కాదు.

నా అనుమానం వెంటనే షాపాయన మీదికి పోయింది. పోవడమే కాదు, రెండుసార్లు వేశాడు దొంగవెధవ అని తిట్టుకున్నాను కూడా.

మర్నాడు కామయ్య వచ్చాడు. గురువుల్ని బస్సులో వెంటబెట్టుకొచ్చాడు, బండి తోలడానికి మనిషి కావాలిగా. కవరు చూపించి, ఈ పేస్టు ఎవరు పెట్టారని అడిగాను. కామయ్య మొహం విప్పారింది.

"అదా? అది నానే ఎట్టినాను. ఆయిలు కారతంటే. మా ఐసు పెట్టెలు పగిల్తే ఎట్టీ పేస్టే అది. సుక్క నీరు బయటికి రాదు. ఒకసారి ఎట్టినాను, ఆగినాది. కొన్నాళ్లకి మల్లీ సెమ్మ కనబడతంటే దానిమీదే ఇంకొంచెం ఎట్టినాను. మెకానిక్కుకిస్తే పేకింగంటాడు, ఇంజనంటాడు, ఆడికెందుకివ్వాల?"

"బండిని ఎవరూ ముట్టలేదన్నారు."

"ఎవులూ ముట్టనేదు. నాదే కదా బండి."

ఆ మాటలో అబద్ధం లేదు. తన చెయ్యి ఆయన లెక్కలో లేదు. కుర్రాళ్లూ, ఇది గుర్తుంచుకోండి. ఆఖరున ముట్టిందెవరని అడిగితే యజమాని ఎప్పుడూ తనని వదిలేసి చెబుతాడు. అందుకని రెండో ప్రశ్న కూడా అడగాలి. మీరేం చేశారండీ అని.

దీపం మొదటిసారి ఎప్పుడు వెలిగింది, పేస్టు ఎప్పుడు పెట్టారు అని ఒక్కొక్కటే అడిగాను. మొదటి పూత తర్వాత మొదటి దీపం. కొత్త సెన్సారు వేయించాక రెండో పూత, ఆ వెనకే రెండో దీపం. చెబుతూ చెబుతూ ఆయన నెమ్మదించాడు. నేను విడమరిచి చెప్పాను. ఆ పేస్టు ఆరేటప్పుడు ముక్కు మండేలా ఒక పుల్లటి వాసన వస్తుంది. ఆ ఆవిరిని, ఇంజను లోపలి గాలిని మళ్లీ పీల్చుకునే గొట్టం ఒకటి లాగేసుకుంటుంది. అది పెట్రోలుతో పాటు కాలి, తెల్లటి పొడిలా వెళ్లి సెన్సారు మూతికి పట్టేస్తుంది. కిరసనాయిలయితే నలుపు, ఇది తెలుపు. రెండు సెన్సార్లూ, ప్లగ్గులూ బానెట్టు మీద వరసగా పెట్టాను.

కామయ్య వాటిని చూడలేదు, నన్ను చూశాడు.

"గురువులు మీకేటైనా సెప్పినాడా? మా అప్ప వచ్చినాదేటి ఇక్కడికి?"

నాకు ఒళ్లు మండింది. "వచ్చింది. కొడుకు తప్పు చేస్తే ముందు తనకి చెప్పమంది. వదిలెయ్యమని అడగలేదు. మీ ఐసు పెట్టెల పేస్టు ఏ మెకానిక్కుకైనా చూపించండి, ఈ సెన్సార్లు ఏ ఊరికైనా పట్టుకెళ్లండి. నేను చెప్పిందే చెప్తారు" అన్నాను.

ఆయన ఒక సెన్సారు తీసి గోటితో గీశాడు. తర్వాత ఆ గోరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఏం వాసన వస్తుందని. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. "సరే, ఆదివారం కూకోవద్దని పెద్దలకి సెప్పీస్తాను. ఒగ్గీద్దాం" అన్నాడు.

వేపచెట్టు కింద నిలబడి వింటున్న గురువులు దగ్గరికి వచ్చాడు.

"ఒగ్గీకు మావా" అన్నాడు. "ఊరందరూ ఇన్నారు. ఇప్పుడు ఆపీస్తే, మేనల్లుడు కదా అని మావ దయ తల్సి ఒదిలీసినాడంతారు. నాను దొంగగానే ఉండిపోతాను. ఎక్కడ అన్నావో అక్కడే సెప్పు."

సాలూరు లారీ డ్రైవరు నాకు కళ్లముందు మెదిలాడు. ఆదివారం నేనూ వస్తానన్నాను. ఎవరూ పిలవలేదు, నేనే అన్నాను.

ఆదివారం

గంగమ్మ గుడి ముందు ఇసుకలో పెద్దలు కూర్చున్నారు. చుట్టూ ఆడా మగా నిలబడ్డారు. కామయ్యని చెప్పమన్నారు. లేచి, "ఈ మెకానిక్కులు సరిగ్గా సూడక మా మద్దిన..." అని మొదలెట్టాడు. మనిషికి తన తప్పు ఎంత చేదో అక్కడ చూశాను. పెద్దల్లో ఒక ముసలాయన, "మెకానిక్కుల సంగతి మాకెందుకురా కామా. దొంగన్నావు కదా, దొంగేనా కాదా?" అన్నాడు.

కామయ్య ఇసుక వైపు చూస్తూ, "కాదు. ఆడు ఏటీ సెయ్యనేదు. పేస్టెట్టింది నాను. పాడు సేసింది నాను" అన్నాడు.

సెన్సార్లు చూపించమన్నారు. చూపించి, రెండు ముక్కల్లో చెప్పాను. అవి చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్లాయి. ప్రతివాడూ గోటితో గీసి చూశాడు. ఆ పేస్టు వాళ్లలో ప్రతి ఇంటా ఉంది, బోటుకి కూడా అదే పూస్తారు, అందుకని తొందరగానే అర్థమైంది. ముసలాయన, "గురువులు మీద మాట నేదు. మల్లీ ఎవులి నోటైనా వస్తే ఆడు నా ముందు నిలబడాల" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల పనిలో నేను తేల్చిన విషయం ఒక మనిషికి అంతగా అక్కరకొచ్చింది అప్పుడే.

తర్వాత పోలమ్మ మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కామయ్య కారు తాళం తీసి గురువులు పక్కన పెట్టాడు. గురువులు దాన్ని ముట్టలేదు. టీ తాగుతూ సముద్రం వైపు చూస్తున్నాడు.

"నువ్వైనా సెప్పప్పా ఆడికి" అన్నాడు కామయ్య. "సొంత మేనల్లుణ్ణి అనుమానించినాను. తప్పయిపోనాది."

"నిన్నేటంతాను తమ్ముడా" అంది పోలమ్మ. గుమ్మంలో కూర్చుని ఉంది, మా ఎవరి వైపూ చూడటం లేదు. "నాను మటుకు ఏటి సేసినాను? ఆడు తానానికెల్తే, ఇప్పీసిన సొక్కా తీసి వాసన సూసీదాన్ని. కిరసనాయిలు కంపు కొడతాదేమోనని. కొట్టనేదు. అయినా మర్నాడు మల్లీ సూసీదాన్ని."

కామయ్య తల దించుకున్నాడు. గురువులు గ్లాసు కింద పెట్టాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు. "అందుకే ఉతక్కండా, నీకు అందీలాగ దండెం మీద ఏసీవోణ్ణి."